ఈఈజీ చేయండి, కరెంటు మాత్రం తలకు పెట్టుకోకండి

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. విశాఖలో ఈసీఈ మూడో సంవత్సరం. నలుగురు కుర్రాళ్ళు, చేతిలో 30 వేలు. పుర్రె తెరవకుండా మెదడును చూసే పరికరం, పైనుంచే మెదడును ఉత్తేజపరిచే పరికరం రెండూ ఒకే పెట్టెలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చేయాలని మీ ఆలోచన. టీడీసీఎస్ (తలమీద స్పాంజీలు పెట్టి మెదడుకి సన్నటి కరెంటు పంపే పద్ధతి) సర్క్యూట్ నెట్‌లో దొరికింది, 9 వోల్టుల బ్యాటరీతో అయిపోతోంది కదా, ఒకరి మీద ఒకరం ట్రై చేయొచ్చా అని అడిగావు. చివర్లో మీ అమ్మమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందని, దానికేమైనా పనికొస్తుందా అని ఒక్క లైను రాశావు.

ఆ చివరి లైను కోసమే మిగతాదంతా రాశావని నా అనుమానం. దాని దగ్గరకు వస్తాను.

నాది గాజువాక. ఆస్పత్రుల్లో ఈఈజీ మెషిన్లు, అంటే నెత్తిమీద నుంచి మెదడు విద్యుత్తుని గీతలుగా రికార్డ్ చేసేవి, రిపేరు చేస్తూ మొదలుపెట్టి, తర్వాత వాటిని తయారుచేసే పనిలోకి వెళ్ళాను. ఇరవై ఏళ్ళు దాటింది. నా జవాబు ముందే చెప్పేస్తాను: చూసే పరికరం చేయండి, ఉత్తేజపరిచేది డమ్మీ మీద తప్ప మనిషి మీద వద్దు. చూసే పరికరంలో కూడా మీ బుర్ర సర్క్యూట్ మీదకంటే ఎలక్ట్రోడ్ మీద, అది జుట్టులోంచి చర్మానికి తగిలే ఆ కాస్త చోటు మీద పెట్టండి. సర్క్యూట్ సంగతి చిప్ తయారుచేసినవాళ్ళే సగం తేల్చేశారు. జుట్టు సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు, ముఖ్యంగా మన జుట్టు సంగతి.

మీరు ఏం వినబోతున్నారో ముందు చెప్తాను. ఎంవీపీ కాలనీలో రాత్రిపూట మేడమీద పడుకుంటే బీచ్ హోరు వినపడుతుంది. పోటు మీదుందో లేదో పోల్చుకోవచ్చు, తుఫాను వస్తుంటే తేడా తెలుస్తుంది. ఏ అల ఏ బండకు కొట్టిందో మాత్రం తెలీదు. ఈఈజీ కూడా అంతే. వేలకు వేల న్యూరాన్లు ఒకే వరసలో నిలబడి ఒకేసారి పనిచేస్తేనే నెత్తిమీదకి ఏదైనా చేరుతుంది. అది కూడా పుర్రె అడ్డుపడి, పలచబడి, పక్కకి పాకి చేరుతుంది. చివరికి మీకు దొరికేది 10 నుంచి 100 మైక్రోవోల్టులు. పైగా నెత్తిమీద కనిపించే ఒకే నమూనాని లోపల ఎన్నో రకాల అమరికలు పుట్టించగలవని హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే చూపించాడు. అందుకే నాలుగు ఎలక్ట్రోడ్లు పెట్టి "ఫలానా భాగం వెలిగింది" అని రంగుల బొమ్మ వేసే ప్రాజెక్టు చూస్తే నాకు నవ్వొస్తుంది.

మొదటిసారి మనిషి ఈఈజీ తీసిన హాన్స్ బెర్గర్ జర్మనీలోని యేనాలో 1924లో తీశాడు, 1929లో గానీ ప్రచురించలేదు. ఇది నిజంగా మెదడుదేనా, లేక గుండె నుంచో కండరాల నుంచో వస్తోందా అని తన రికార్డింగుల్ని తనే అనుమానిస్తూ ఉన్నాడు. మీకు ఐదేళ్ళు లేవు, ఒక సెమిస్టరే ఉంది. కానీ ఆ అనుమానం మాత్రం అరువు తెచ్చుకోండి.

ఇప్పుడు సర్క్యూట్. మన కాలేజీల్లో నూటికి తొంభై మంది చేసే పొరపాటు ఏడీ8232 మాడ్యూల్ కొనడం. చవక, అందరి దగ్గరా దొరుకుతుంది. కానీ అది గుండె కోసం చేసిన చిప్. గుండె సిగ్నల్ సుమారు 1 మిల్లీవోల్టు ఉంటుంది, మెదడుది అందులో ఇరవయ్యో వంతు. ఆ మాడ్యూల్ దాన్ని సుమారు 1100 రెట్లు పెంచుతుంది. అంటే 50 మైక్రోవోల్టులు 55 మిల్లీవోల్టులవుతాయి. దాన్ని మామూలు ఆర్డ్యునోకి ఇస్తే, అది 5 వోల్టుల్ని 1024 మెట్లుగా కోస్తుంది, ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. మొత్తం మెదడంతా పదకొండు మెట్లలో అయిపోయింది! అయినా స్క్రీన్ మీద ఏదో గీత కదులుతూనే ఉంటుంది, అదే ప్రమాదం. ఆ కదిలేది కనురెప్ప, దవడ, లేకపోతే మీ ఇంటి కరెంటు.

టెక్ ఫెస్టుల్లో "ఆలోచనతో నడిచే వీల్‌చెయిర్" చాలాసార్లు చూశాను. కుర్రాడు పళ్ళు బిగిస్తాడు, కుర్చీ కదులుతుంది. అది దవడ కండరంతో నడిచే వీల్‌చెయిర్. అందులో తప్పేం లేదు, చేతులు రానివాళ్ళకి అది కూడా గొప్ప సాయమే. కాకపోతే పోస్టర్ మీద ఆ మాటే రాయాలి.

మీరు ఏడీఎస్1299 తీసుకోండి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళు ఈఈజీ కోసమే చేసిన చిప్. ఎనిమిది ఛానెళ్ళు, 24 బిట్లు, దాని సొంత రొద ఒక మైక్రోవోల్టు దగ్గర. ఓపెన్‌బీసీఐ వాళ్ళు దీని మీదే బోర్డు చేసి డిజైన్ అందరికీ తెరిచి పెట్టారు. కాపీ కొట్టడానికి సిగ్గుపడొద్దు. బోర్డుని బ్యాటరీతోనే నడపండి. డేటా బ్లూటూత్ మీద పంపండి, లేదా ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి పెట్టండి. మన పాత ఇళ్ళల్లో మూడో పిన్ను వెనక ఎర్త్ ఉంటుందో లేదో ఎవరికీ తెలీదు. వైద్య పరికరాల ప్రమాణం ఐఈసీ 60601 ప్రకారం, బీఎఫ్ తరగతి (ఒంటికి తగిలే భాగాలున్న) పరికరంలో మామూలు పరిస్థితుల్లో మనిషిలోకి కారే కరెంటు 100 మైక్రోఆంపియర్లు దాటకూడదు. తలకు వైర్లు, ఆ వైర్లకు ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌కి చవకరకం ఛార్జర్. ఇలాంటి గొలుసుని నేను నమ్మను, నువ్వూ నమ్మొద్దు.

50 హెర్ట్జ్, అంటే ఇంటి కరెంటు నుంచి గీతలోకి దూరే రొద గురించి ఒక మాట. అందరూ మొదటిరోజే దాన్ని కోసేసే నాచ్ ఫిల్టర్ వేసేస్తారు, గీత అందంగా కనపడాలని. వేయకండి. 50 హెర్ట్జ్ మీకు ఉచితంగా దొరికే ఇంపీడెన్స్ మీటర్, అంటే ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య అడ్డు ఎంతుందో చెప్పేది. ఏ ఛానెల్‌లో అది ఎక్కువగా ఉందో ఆ ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటుకోలేదని అర్థం. ముందు ఎలక్ట్రోడ్ సరిచెయ్యి, ఫిల్టర్ సంగతి తర్వాత.

ఇక అసలు విషయం. ఎలక్ట్రోడ్ పెట్టడం నేను ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. ఓ ఆస్పత్రిలో ఈఈజీ తీసే టెక్నీషియన్ గారి పక్కన రెండు నెలలు నిలబడి నేర్చుకున్నాను. ఆయన టేపు తీసి, ముక్కు మొదట్లో రెండు కళ్ళ మధ్య గుంట నుంచి తల వెనక ఎముక బుడిపె దాకా కొలిచేవారు. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకో, అందులో పదోవంతు 3.6, తర్వాత ఇరవయ్యేసి శాతం. ఇదే 10-20 పద్ధతి, 1958లో జాస్పర్ ఖరారు చేసింది. పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దువ్వెన తోకతో పాయ తీసి, రెండు వేళ్ళతో జుట్టును రెండు పక్కలకీ నొక్కిపట్టేవారు. గరుకు జెల్ అద్దిన దూదితో ఆ చోటును మూడుసార్లు రుద్ది, కప్పులో పేస్టు నింపి అంటించి, పైన చిన్న దూదిముక్క వేసి బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా నొక్కేవారు. 21 ఎలక్ట్రోడ్లకీ అదే ఓపిక. మీటరు పెడితే అన్నీ 5 కిలోఓమ్‌ల లోపే. నేను మొదటిరోజు పెట్టినవి పేషెంటు తల తిప్పగానే ఊడి ఒళ్ళో పడ్డాయి.

ఇంకోటి చెప్తాను, నవ్వుకో. ఓ మే నెలలో మా రికార్డింగుకి ఒకమ్మాయి వాలంటీరుగా వచ్చింది. "రేపు తలకి పరీక్ష" అని ఇంట్లో చెప్పిందట. వాళ్ళమ్మ తల చల్లగా ఉండాలని పొద్దున్నే కొబ్బరినూనె పట్టించి, బిగించి జడ వేసి, మూరెడు మల్లెపూలు పెట్టి పంపింది. మీటరు వందల కిలోఓమ్‌లలో ఆడుతోంది. పూలు తీసి, పిన్నులు తీసి, షాంపూతో తలంటుకోమని పంపి, జుట్టు ఆరేసరికి గంటన్నర. ఆరాక ఎలక్ట్రోడ్లు పెట్టాం, బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంతలో కరెంటు పోయింది, ఏసీ ఆగిపోయింది. పది నిమిషాల్లో చెమట. విశాఖ ఉక్కపోత నీకు చెప్పక్కర్లేదు. చెమటలో ఉప్పుంటుంది కాబట్టి పక్కపక్క ఎలక్ట్రోడ్లు రెండూ తడితో కలిసిపోయి ఒకటే సిగ్నల్ చూపించసాగాయి, గీతలు మెల్లగా ఏటవాలుగా జారిపోయాయి. నూనె ఉంటే తగలదు, చెమట పడితే అన్నీ కలిసిపోతాయి. ఈ రెంటి మధ్య ఉన్న ఆ సన్నటి దారిలోనే మన ఊళ్ళో ఈఈజీ అంతా నడుస్తుంది.

అందుకే అంటున్నాను, మీ ప్రాజెక్టు ఇదే కావచ్చు. దువ్వెన పళ్ళలాగా జుట్టులోంచి దిగి చర్మానికి తగిలే పొడి ఎలక్ట్రోడ్, లేదా జడ పాయల మధ్య ఇరుక్కునే క్లిప్పు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నల్లజాతివారి రింగుల జుట్టు కోసం, జడలల్లిన పాయల కింద పట్టి ఉంచే ఎలక్ట్రోడ్ క్లిప్పులు చేశారు, అది కూడా ఒక విద్యార్థిని మొదలుపెట్టిన పనే. అంతకుముందు ఎన్ని దశాబ్దాలుగానో ఆ జుట్టున్నవాళ్ళ రికార్డింగులు "క్వాలిటీ లేదు" అని పక్కన పడుతూనే ఉన్నాయి. ఒత్తయిన నూనెజుట్టు, ఉక్కపోత ఉన్న మన దగ్గర ఆ పని చేయడానికి మీ నలుగురికంటే అనువైనవాళ్ళెవరు? త్రీడీ ప్రింటర్ ఉంటే రోజుకో డిజైన్ ప్రింట్ చేసి, అక్కచెల్లెళ్ళ జడల మీద పెట్టి చూడొచ్చు.

పరీక్షించే వరస ఎలా ఉండాలంటే, ముందు ఇన్‌పుట్లన్నీ ఒకచోట కలిపి షార్ట్ చేసి రికార్డ్ చేయి. అది మీ బోర్డు సొంత రొద. రెండోది, రోడ్డుపక్క బండి మీద ఓ పుచ్చకాయ కొను. నవ్వులాట కాదు, ల్యాబుల్లో నిజంగానే వాడతారు. నీళ్ళూ ఉప్పులూ ఉన్న గుండ్రటి వస్తువు, మనసు లేదు. తలకు పెట్టినట్టే పెట్టి రికార్డ్ చేసి, మీరు రాసిన సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. పుచ్చకాయ "ఏకాగ్రత 72 శాతం" అని వచ్చిందంటే మీ సాఫ్ట్‌వేర్ అబద్ధాలాడుతోందన్నమాట. పెద్ద పెద్ద ల్యాబులకీ ఈ గతి పట్టొచ్చు. క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపని ఎఫ్‌ఎంఆర్‌ఐ మెషిన్‌లో పెట్టి, మనుషుల ఫోటోలు చూపించి, లెక్కల్లో చేయాల్సిన దిద్దుబాటు చేయకపోతే దాని మెదడు "స్పందించినట్టు" వస్తుందని నిరూపించింది. 2012లో వాళ్ళకి ఇగ్ నోబెల్, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి, ఇచ్చారు. ఫిషింగ్ హార్బర్‌లో ఈ మాట చెప్తే ఎవరూ నమ్మరు.

మూడోది మనిషి. తల వెనక, బుడిపెకి కాస్త పైన రెండు ఎలక్ట్రోడ్లు, చెవి తమ్మెకి రిఫరెన్స్. నిమిషం కళ్ళు తెరిచి, నిమిషం మూసి. మూసినప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే అల లేవాలి, తెరవగానే అణగాలి. ఆల్ఫా ఇదే, బెర్గర్ చూసింది కూడా ఇదే. అందరిలోనూ ఒకేలా కనపడదు, కొందరిలో చాలా తక్కువ. నలుగురిలో ఇద్దరికైనా బాగా కనపడితే మీ పరికరం పనిచేస్తున్నట్టే.

ఇంకా టైము, డబ్బు మిగిలితే రెండో దారి కాంతి, అంటే ఎఫ్‌ఎన్‌ఐఆర్‌ఎస్. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌కి అన్నయ్య అనుకో. 1977లో యోబ్సిస్ చూపించాడు, ఎరుపు దాటిన కాంతి చర్మం, ఎముక దాటుకుని లోపలికి పోయి తిరిగొస్తుందని. 760, 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు, 3 సెంటీమీటర్ల దూరంలో ఫోటోడయోడ్. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండు రంగుల్నీ వేరువేరుగా పీలుస్తాయి. నుదుటి మీద పెట్టుకుంటే జుట్టు గొడవ లేదు. కానీ తలచర్మంలోని రక్తం కూడా కలిసి వస్తుంది కాబట్టి 8 మిల్లీమీటర్ల దగ్గర ఇంకో డయోడ్ పెట్టి దాన్ని తీసేయాలి. పైన నల్లగుడ్డ కట్టడం మర్చిపోవద్దు. దీన్ని పరీక్షించడానికి తల కూడా అక్కర్లేదు. ముంజేతి మీద పెట్టి, బీపీ పట్టీ కాసేపు బిగిస్తే ఆక్సిజన్ ఉన్న రక్తం గీత దిగి, లేనిదాని గీత లేస్తుంది, వదలగానే రెండూ తిరగబడతాయి. అది రాకపోతే మెదడు దాకా వెళ్ళడం అనవసరం.

మెదడు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఎంఈజీ జోలికి పోవద్దు. మెదడు అయస్కాంత క్షేత్రం కంటే భూమిది పదుల కోట్ల రెట్లు ఎక్కువ, కవచం ఉన్న గది కావాలి. అయితే చదువు. 2018లో నాటింగ్‌హామ్ బృందం, అతిశీతల ద్రవాలు అక్కర్లేని సెన్సర్లతో తలకు పెట్టుకుని కదలగలిగే ఎంఈజీ చూపించింది. నీ వయసువాళ్ళు పనిచేయబోయేది అక్కడే అనుకుంటున్నాను.

ఇక కరెంటు పెట్టే సంగతి. ఇది కొత్త పిచ్చేమీ కాదు. మొదటి శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి బతికున్న టార్పీడో చేపని నుదుటికి ఆనించమన్నాడు. ఆ జాతి చేపలు మన సముద్రంలోనూ ఉన్నాయి, పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ప్యాట్రిక్ రస్సెల్ విశాఖ చేపల మీద రాసి 1803లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని మన జాలర్లు పిలిచే "తిమిరి" పేరుతోనే ఎక్కించాడు.

టీడీసీఎస్ ఇప్పటి రూపంలో 2000లో గోటింగెన్‌లో నిట్షె, పౌలస్‌ల పనితో ఊపందుకుంది. ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజీలు, 1 లేదా 2 మిల్లీఆంపియర్లు, ఇరవై నిమిషాలు. సర్క్యూట్ నిజంగానే సులువు, అందుకే జనం మోసపోతారు. ఆ కరెంటులో చాలాభాగం చర్మం గుండానే పక్కకి పోతుంది. 2018లో మెదడు శాస్త్రవేత్త బుజాకి ల్యాబ్ వాళ్ళు శవాల మీద కొలిచి, సుమారు 75 శాతం చర్మం, కండ, ఎముకల్లోనే పోతోందన్నారు. మిగిలింది ఎటు పోతుందో ఒక్కో పుర్రెకి ఒక్కో రకం. ఫలితాలు మనిషికీ మనిషికీ మారిపోవడానికి అదో కారణం.

ప్రమాదం గురించి నా ఒంటి మీదున్నదే చెప్తాను. పదిహేనేళ్ళ క్రితం, నేను పనిచేసే చోట మేమే చేసిన పెట్టెని నా మీదే పెట్టుకున్నాను. 35 చదరపు సెంటీమీటర్ల స్పాంజి, 2 మిల్లీఆంపియర్లు. లెక్కప్రకారం చదరపు సెంటీమీటరుకి 0.06 కూడా లేదు, భయమేముంది? సెలైన్ అయిపోతే కుళాయి నీళ్ళతో తడిపాను. తలమీద ఫ్యాను. పది నిమిషాలకి స్పాంజి అంచులు ఆరిపోయాయి, తడి ఒక మూలకి జరిగింది. సర్క్యూట్‌కి తెలిసింది ఒక్కటే, 2 మిల్లీఆంపియర్లు పంపడం. దారి ఇరుకైతే వోల్టేజి పెంచి మరీ పంపింది. రెండు చదరపు సెంటీమీటర్లలోంచి మొత్తం పోయింది. చురుకు పుట్టింది, దురద మామూలే కదా అని కూర్చున్నాను. తీసి చూస్తే కుడి కనుబొమ్మ పైన పావలా కాసంత మచ్చ, మధ్యలో బొబ్బ. ఇప్పటికీ ఉంది, బొట్టు పక్కకి జరిగిందా అని అడుగుతారు. ఆ పెట్టెలో వోల్టేజికి హద్దు లేదు, కాంటాక్ట్ చెడితే ఆపే ఏర్పాటు లేదు, పక్కన కాపలా మనిషి లేడు. అది మంచి ఇంజినీర్లమని అనుకున్న మేం చేసిన పెట్టె. నువ్వు చూసిన నెట్ సర్క్యూట్‌లోనూ అవేవీ లేవు.

కాబట్టి మీకు ఆ సరదా ఉంటే డమ్మీ మీద తీర్చుకోండి. 5, 10 కిలోఓమ్ రెసిస్టర్లు, లేదా కిరాణాకొట్లో దొరికే చైనా గ్రాస్‌ని ఉప్పునీళ్ళలో ఉడికించి గడ్డకట్టించిన తల. 10 కిలోఓమ్‌లలో 2 మిల్లీఆంపియర్లు పోవాలంటే 20 వోల్టులు కావాలి, దానికి మీ 9 వోల్టుల బ్యాటరీ చాలనే చాలదు. ఈ లెక్క చేయకుండానే సర్క్యూట్ "అయిపోతోంది" అన్నావు చూడు! ముప్పై సెకన్లలో మెల్లగా ఎక్కడం, దిగడం, వోల్టేజి హద్దు, తీగ ఊడితే ఆగడం చేసి చూపించండి. కరెంటు తలలో ఎటు పోతుందో సిమ్‌నిబ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూడొచ్చు. ఎగ్జామినర్‌కి ఇది ఎంతో ఎక్కువ.

టీఎంఎస్, అంటే కాయిల్‌తో అయస్కాంత క్షేత్రం పుట్టించి మెదడుని తట్టే పద్ధతి, డమ్మీ మీద కూడా వద్దు. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ చేసింది అద్భుతమే, పుర్రె అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు కాబట్టి నొప్పి లేకుండా మెదడుని తట్టి వేలు కదిలించగలిగాడు. 2008 నుంచి అమెరికాలో డిప్రెషన్‌కి అనుమతి ఉంది, మన దేశంలోనూ ఆస్పత్రుల్లో వాడుతున్నారు. కానీ ఆ కాయిల్‌లో సెకనులో వెయ్యో వంతులోపే వేల ఆంపియర్లు పోవాలి, కెపాసిటర్ వెయ్యి వోల్టులకి పైనే నిండుతుంది. మెషిన్ ఆపేసినా ఆ కెపాసిటర్ చంపగలదు.

అమ్మమ్మగారి సంగతి. స్ట్రోక్ తర్వాత చేతి కోసం టీఎంఎస్, టీడీసీఎస్ రెంటి మీదా చాలా పరిశోధనలు జరిగాయి. ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి, పనికొచ్చిన చోట కూడా ఫిజియోథెరపీతో కలిపినప్పుడే. ఉత్తి కరెంటుతో చెయ్యి లేవదు. పైగా స్ట్రోక్ వచ్చిన మెదడుకి ఫిట్స్ ముప్పు ఎక్కువ, లోపల దెబ్బతిన్న చోట కరెంటు దారి కూడా మారిపోతుంది. మీ పెట్టెని ఆవిడ దగ్గరకు తీసుకెళ్ళొద్దు. దానికి బదులు రోజూ ఆ చేత్తో చేయించాల్సినవి ఫిజియోథెరపిస్టుని అడిగి రాసుకుని, నువ్వు దగ్గర కూర్చుని చేయించు. మొదటి నెలలు చాలా విలువైనవి. స్ట్రోక్ వచ్చి ఎన్నాళ్ళయిందో నువ్వు రాయలేదు. న్యూరాలజిస్టుకి చూపించకుండా ఉంటే ఈ వారమే చూపించండి.

మిగిలిన ఒకట్రెండు. స్నేహితుల మీద ఈఈజీ తీసినా, ఫలితాలు పేపరుగా వేయాలనుకుంటే ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, తీశాక అడిగితే ఇవ్వరు. మీ గైడ్ చేత దగ్గర్లోని మెడికల్ కాలేజీతో మాట్లాడించండి. రేపెప్పుడైనా అమ్మే వస్తువుగా చేయాలనుకుంటే 2017 వైద్య పరికరాల నియమాలు వర్తిస్తాయి, ప్రమాదాన్నిబట్టి ఏ నుంచి డీ దాకా తరగతులు. ఎలక్ట్రికల్ సేఫ్టీ, ఈఎంసీ (పక్క పరికరాలతో విద్యుదయస్కాంత గొడవ లేదని చూసే) పరీక్షలకి మేం ఒకప్పుడు పెట్టె మోసుకుని బెంగళూరు రైలెక్కేవాళ్ళం. ఇప్పుడు మన మెడ్‌టెక్ జోన్‌లోనే ల్యాబులున్నాయి, గాజువాక దాటితే వచ్చేస్తుంది. ఒకసారి వెళ్ళి ఊరికే చూసి రండి.

పరికరం తయారయ్యాక నాకు మూడు రికార్డింగులు పంపు. ఇన్‌పుట్లు షార్ట్ చేసింది, పుచ్చకాయది, మీలో ఒకరు కళ్ళు తెరిచి మూసిన రెండు నిమిషాలు. ఏ ఫిల్టరూ వేయకుండా పంపు. ఏది ఏదో ఫైలు పేరులో రాయకు, నేనే చెప్తాను.